ఉంగరం వేలు

అల్లుడా,

మొన్న గురువారం నీ సెంటర్‌ల గంటన్నర కూసున్న. నా పని పది నిమిషాలది. నువ్వు నన్ను చూసి "కూసో మామా, లైను తగ్గనీ" అన్నవు. లైను తగ్గలేదు, నడుమ ఒక్కసారి తప్ప నేను లేవలేదు. ఆ గంటన్నరల నేను చూసిందే ఈ ఉత్తరం. ఫోన్‌ల చెప్తే "సరే మామా, సరే మామా" అని పెట్టేస్తవు. కాయితం మీద ఉంటే రాత్రి షట్టర్ దించినంకనన్న చదువుతవని రాస్తున్న.

ముందుగాల ఒక మాట. నీ పనితనం మీద నాకేం అనుమానం లేదు. కోదాడ బస్టాండు చుట్టుపక్కల ఇన్ని ఆన్‌లైన్ సెంటర్లు ఉండంగ, మునగాల నుంచి, నడిగూడెం నుంచి, చిలుకూరు నుంచి జనం నీ దగ్గరికే వస్తున్నరంటే ఊరికే రారు. నీ చెయ్యి చురుకు, లెక్క నికార్సు. నేను మాట్లాడేది నీ నోటి గురించి.

నేను కూసున్నంక మూడో మనిషిగ ఒక పెద్దమ్మ వచ్చింది, గుర్తుందా? ముదురాకుపచ్చ చీర, చేతిల ప్లాస్టిక్ కవరు, కవర్ల పాసుపుస్తకం. పీఎం కిసాన్ పైసలు ఆగినయి, ఈకేవైసీ చేయాలన్నరట. ఆమె పేరు మీద ఎకరం ఇరవై గుంటలు. నువ్వు వేలిముద్ర మిషను ముందుకు జరిపి "బొటనవేలు పెట్టు" అన్నవు. పెట్టింది. పడలేదు. "గట్టిగ నొక్కు" అన్నవు. నొక్కింది. పడలేదు. "చెయ్యి తుడువు" అన్నవు. కొంగుతో తుడిచింది. నాలుగోసారికి నీ గొంతు లేసింది. "ఎన్నిసార్లు చెప్పాలె పెద్దమ్మా, నీతోని ఇక్కడ గంట పోయింది, వెనుక ఎంతమంది ఉన్నరో కనబడతలేదా" అన్నవు. గంట కాలేదు, నేను గోడ గడియారం చూస్తనే ఉన్న, ఆరు నిమిషాలు. ఆమె ఏమన్నదో విన్నవా? వినలేదు, అప్పటికే నువ్వు తర్వాతి మనిషి కాయితాలు తీసుకున్నవు. "నా ఏళ్ళే బాగలేవు బిడ్డా" అన్నది. నీ మిషను బాగలేదనలేదు, నీకు సరిగ చెప్పరాలేదు అనలేదు. తన వేళ్ళదే తప్పనుకుంటూ మెట్లు దిగిపోయింది.

నలభై ఏండ్లు వరి నాటినంక, కలుపు తీసినంక, బూడిదతో బోళ్ళు తోమినంక బొటనవేలు మీద గీతలు ఎక్కడుంటయిరా? చలికాలం చర్మం ఎండి పోతది, ఇంకా కష్టం. ఆధార్ దించిన నాడు ఆమెకు పది వేళ్ళూ తీసుకున్నరు, రెండు కండ్లూ తీసుకున్నరు. బొటనవేలే కావాలని మిషను అడగదు. తొమ్మిది వేళ్ళు మిగిలి ఉండంగ నువ్వు ఒక్క వేలితోనే కొట్లాడినవు. ఈ సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. తెలిసీ చేయలేదంటే కారణం ఒకటే, అప్పటికి అరగంట నుంచి సర్వర్ తిరుగుతనే ఉన్నది, ఆ సతాయింపంత నీ నెత్తిల ఉన్నది. సర్వర్‌ను తిట్టలేవు కదా. అత్త మీద కోపం దుత్త మీద.

నీకు చెప్పే అర్హత నాకెక్కడిది అంటవేమో. కంప్యూటరు మీద నాది సున్న. కాని "పని చేస్తలేదు" అని వచ్చిన మనిషిని నిలబెట్టి అడుగుడు నా బతుకంత చేసిన. ముప్పై ఏడేండ్లు మోటరు వైండింగు పని. సాగర్ ఎడమ కాల్వ నీళ్ళు ఎక్కని మెరక చేన్లకు బావులు, బోర్లే దిక్కు. మోటరు ఆగితే మడి ఎండుతది. ఆ మోటరును బండి మీద ఏసుకొని వచ్చే రైతు మొఖం ఎట్ల ఉంటదో నీకు తెల్వది, ఇప్పుడు నీ కౌంటర్ ముందు ఫోను పట్టుకొని నిలబడేటోని మొఖం లెక్కనే ఉంటది.

నా తప్పు ఒకటి చెప్త. మీ అమ్మకు కూడా తెల్వదు.

పని నేర్చుకుంటున్న రోజులు, నాకు ఇరవై రెండు. ఏ ఊరు, ఎవరి షాపు అన్నది వదిలెయ్. ఉస్తాద్ ఊళ్ళె లేడు, షాపు నా మీద ఉన్నది. ఒక రైతు వచ్చి "మోటరు గుయ్యిమంటది గాని తిరుగుతలేదు" అన్నడు. మూడు ఫేజుల్ల ఒకటి రాకపోతే మోటరు అట్లనే గుయ్యిమంటది. అంతకు ముందు వారం గూడ ఆయన ఇదే మాటతో వచ్చిండు, ఫ్యూజు ఏసుకోమని చెప్పి పంపిన. మళ్ళ అదే మాట వినేసరికి నాకు ఒళ్ళు మండింది. షాపుల ఇంకో నలుగురు ఉన్నరు. వాళ్ళ ముందర "ఫ్యూజు వైరు ఏసుకొనుడు గూడ రానోనికి మోటరెందుకు" అన్న. అందరు నవ్విన్రు. ఆయన గూడ నవ్విండు, అది నాకు ఇప్పటికీ యాదికున్నది. నవ్వి, తువ్వాల దులుపుకొని పోయిండు.

పది రోజుల తర్వాత అదే మోటరు మా షాపుకు వచ్చింది. ఆయన రాలేదు, కొడుకు తెచ్చిండు. మూత ఇప్పంగనే మాడు కంపు. లోపల చూస్తే రెండు ఫేజుల చుట్టలు బొగ్గు, మూడో ఫేజు చుట్టలు కొత్త పెండ్లికూతురు గాజుల లెక్క మెరుస్తున్నయి. స్టార్ కనెక్షన్ మోటరు రెండు ఫేజుల మీద నడిస్తే ఇట్లనే కాలుతది, చూసిన ఎవడైనా చెప్పగలడు. సంగతేందంటే, ఫ్యూజు మాటిమాటికి పోతున్నదని ఆయన మళ్ళ నా దగ్గరికి రాకుండ, ఫ్యూజు కట్ట మీద లావు రాగితీగ నాలుగు పోగులు మెలిపెట్టి బిగించిండు. అదింక ఎందుకు పోతది? ఫ్యూజు పోలేదు, మోటరు పోయింది. లైను మీద ఒక ఫేజు ఆగినప్పుడు తిరుగుతున్న మోటరు మిగిలిన రెండిటి మీదనే గుంజుకుంటూ తిరిగింది, కాలేదాక తిరిగింది. "మీ నాయిన వచ్చి అడగొచ్చు గద" అంటే ఆ పోరడు తల వంచుకొని "సిగ్గయితది అన్నడు" అన్నడు.

ఆ వైండింగు కూలి నేను తీసుకోలేదు. ఉస్తాద్‌కు నా జీతంల నుంచి కట్టిన. అయినా ఆయన ఆ షాపు గడప మళ్ళ తొక్కలేదు.

నీ సెంటర్‌ల కూసున్న గంటన్నర నాకు ఆయనే కండ్ల ముందర మెదిలిండు. అప్పుడు సిగ్గుపడ్డ మనిషి రాగితీగ ఏసుకున్నడు, మోటరు కాలింది. ఇప్పుడు నీ దగ్గర సిగ్గుపడ్డ మనిషి ఏం చేస్తడు? ఇంటికి పోయి కూసుంటడు. ఆ పొద్దుమాపటికో, తెల్లారో ఒక ఫోను వస్తది. "నమస్తే అండీ, బ్యాంకు నుంచి మాట్లాడుతున్నం, మీ కేవైసీ ఆగిపోయింది, నేను దగ్గరుండి చేయిస్త" అంటడు అవతలోడు. ఎంత ఓపిక వానికి! విసుక్కోడు. పదిసార్లడిగితే పదిసార్లు చెప్తడు. "ఎర్ర బటన్ కాదమ్మా, దాని పక్కన పచ్చది" అని వేలు పట్టి నడిపిస్తడు. ఆఖరికి ఆరు అంకెలు అడుగుతడు. ఈమె చెప్తది. ఎందుకు చెప్పదు? పొద్దుగాల సొంత ఊరి పిలగాడు కసిరిండు, ఇప్పుడు ముక్కూమొఖం తెల్వనోడు "అమ్మా" అంటున్నడు. దొంగలు మన జనాన్ని పట్టుకునేది తెలివితోనని పేపరోళ్ళు రాస్తరు. నన్నడిగితే ఓపికతోటి అంట. మనం ఇయ్యాల్సిన ఓపికను వాడు ఇచ్చి, దానికి మొత్తం ఖాతా వసూలు చేసుకుంటున్నడు.

అట్లెవరన్న మోసపోయి నీ దగ్గరికి వస్తే మాత్రం, "ఓటీపీ ఎందుకు చెప్పినవ్" అనే ప్రశ్న మొదటనే తియ్యకు. సైబర్ మోసాల నంబరు 1930కి ఫోను కలుపు. ఎంత తొందరగ చెప్తే పైసలు ఆపే వీలు అంత ఎక్కువ. తిట్టుడు తర్వాతన్న తిట్టొచ్చు, అప్పటికి నీకే తిట్టబుద్ధి కాదు.

నువ్వు ఒకసారి నాకొక కథ చెప్పినవు, యాదికున్నదా? అమెరికాల కంప్యూటరు చర్చలకు వెనుకట ఏటా సెప్టెంబర్‌ల కాలేజీ పిల్లలు కొత్తగ వచ్చేటోళ్ళని, పాతోళ్ళు నెలరోజులు తిట్టుకుంట నేర్పితే దారికి వచ్చేటోళ్ళని. 1993 నుంచి కంపెనీలు అందరికీ తలుపులు తెరిస్తే కొత్తోళ్ళ రాక ఇంక ఆగనే లేదని, దానికి 'ముగియని సెప్టెంబరు' అని పేరు పెట్టుకున్నరని. నువ్వు నవ్వుకుంట చెప్పినవు. నేను అప్పుడే లెక్క కట్టిన. మన దగ్గర ఆ సెప్టెంబరు 2016ల వచ్చింది. సెప్టెంబరు 5న జియో మొదలయింది, నెట్టు అగ్గువయింది. అక్టోబరు 11న మన సూర్యాపేట జిల్లా అయింది. నవంబరు 8 రాత్రి పెద్ద నోట్లు రద్దయినయి, కూరగాయలామె గూడ ఫోన్‌ల పైసలు తీసుకునుడు నేర్చుకోవాల్సి వచ్చింది. మూడు నెలల్ల మూడు దెబ్బలు. ఫోను కొత్త, జిల్లా కొత్త, పైసలు ఇచ్చుకొనుడు కొత్త. నీకు కంప్యూటరు ఇంటర్‌ల పరిచయమైంది, మెల్లగ. వీళ్ళను మాత్రం బాయిల తోసి ఈదమన్నరు.

జిల్లా సంగతే చూడు. పాత కాయితాలన్నిట్ల నల్గొండ జిల్లా అని ఉంటది. స్క్రీన్ మీద నల్గొండ నొక్కితే కోదాడ కనబడదు. "మా ఊరు తీసేసిన్రా సారూ" అని ఒక తాత మొన్న నిన్ను అడిగిండు. నువ్వు నవ్వాపుకున్నవు, అది మంచిదే. నిజంగనే ఆయనకు తీసేసినట్టే. భూమి రికార్డుల సైటు గూడ అంతే. ధరణి అనే మాట నోటికి ఎక్కించుకొనుడుకు మనోళ్ళకు నాలుగేండ్లు పట్టింది, 2020 అక్టోబరు నుంచి. ఆ మాట అలవాటైందో లేదో 2025 ఏప్రిల్‌ల భూభారతి అన్నరు. ఇప్పటికీ "ధరణి తియ్ బిడ్డా" అనే వస్తరు. ఆ మాట సరిదిద్దుడుకు టైము పెట్టకు, తియ్. ఆయనకు కావాల్సింది సర్వే నంబరు, పేరు కాదు.

ఇంక నీ పనిల అసలు కీలకం ఏంది అంటే, నాకు తోచింది చెప్త. వచ్చిన మనిషి ఎప్పుడూ తన బాధ చెప్తడు, రోగం పేరు చెప్పలేడు. ఆ పేరు తెలిస్తే నీ దగ్గరికి ఎందుకొస్తడు? మా షాపుకు వచ్చినోళ్ళంత "మోటరు పోయింది" అనేటోళ్ళు. ఆ ఒక్క మాటల ఎన్నో ఉండేవి. స్టార్టర్ల కాయిలు పోయి ఉండొచ్చు. ఫుట్‌వాల్వ్‌ల చెత్త ఇరికి నీళ్ళు దిగిపోయి ఉండొచ్చు, మోటరు నిమ్మళంగ తిరుగుతనే ఉంటది. బేరింగు పట్టుకొని ఉండొచ్చు. కొన్నిసార్లు ఊరికి కరెంటే ఉండదు, ఆయన చూసుకోడు. అట్లనే నీ దగ్గరికొచ్చేటోళ్ళు అందరూ "నెట్టు వస్తలేదు" అంటరు. బ్యాలెన్స్ అయిపోయినా అదే మాట, పొరపాటున విమానం గుర్తు నొక్కుకున్నా అదే మాట, ఓటీపీ పాత నంబరుకు పోతున్నా అదే మాట. నువ్వు ఆ మాటకు జవాబు చెప్తున్నవు. "నెట్టు బాగనే ఉన్నది తాతా" అని ఫోను వాపసు ఇస్తున్నవు. నీ మాటల తప్పు లేదు. ఆయన బాధ ఆయనతోనే పోతున్నది.

నేను ఏం చేసేటోన్నో చెప్త. "ఏమైంది" అని అడగకపోయేది. "ఆఖరుసారి నీళ్ళు ఎప్పుడు పోసింది?" అనేటోన్ని. ఆ రోజు నుంచి మెల్లగ ముందుకు వచ్చేది. "స్విచ్ ఏస్తే ఏం ఇనబడ్డది? టక్కుమన్నదా, గుయ్యిమన్నదా, ఏం చప్పుడు లేదా?" ఈ ప్రశ్నకు చదువు అక్కరలేదు, చెవులుంటే సాలు. టక్కుమంటే స్టార్టరు పట్టుకొని వదులుతున్నట్టు, గుయ్యిమంటే ఫేజు లేనట్టు, చప్పుడే లేకపోతే తీగ పట్టుకొని ఎనకకు నడవాలె. అప్పుడు సిరీస్ బల్బు తీసేటోన్ని. చూసినవు కదా నా దగ్గర, హోల్డర్‌కు రెండు తీగలు, తీగల కొసలకు రెండు మొనలు. ఒక్కో చుట్ట రెండు కొసలకు ముట్టియ్యాలె. బల్బు వెలిగితే ఆ చుట్ట తెగలేదు, ఇంకోటి చూడు. వెలగకపోతే అక్కడ తెగింది. ఆ బల్బు ఎవర్నీ తిట్టదు. ఉన్నది చెప్తది, లేనిది చెప్తది, అంతే.

నువ్వు గూడ అట్ల అడుగు. "ఏం ప్రాబ్లమ్" అనకు. "ఫోన్‌ల ఇప్పుడు ఏం కనబడుతున్నది, ఉన్నది ఉన్నట్టు సదువు" అను. సదువు రాకపోతే "ఏం రంగు, బొమ్మ ఎట్లున్నది" అను. ముందు ఆ ఫోను నీ చేతికి తీసుకోకు. నీ చేతికి రాంగనే నీ వేలు మెరుపు లెక్క నాలుగుచోట్ల నొక్కుతది, అయిపోయిందంటవు, ఆయనకు అదొక మాయ. రేపు మళ్ళ అదే పనికి ముప్పై రూపాయల ఆటో పెట్టుకొని వస్తడు. ఫోను ఆయన చేతిలనే ఉంచి, నీ వేలు గాలిల చూపెట్టు, ఆయన వేలుతో నొక్కనీ. రెండు నిమిషాలు ఎక్కువ పడతది, నిజమే.

అందరికీ ఇట్ల నేర్పమంటలేను. నేర్పాలె నేర్పాలె అని మీదపడేటోడు గూడ ఒక పీడనే. బస్సు టైమయి, చేతిల మందుల చీటీ పట్టుకొని వచ్చిన మనిషికి పాఠాలెందుకు? పని చేసి పంపు. వైండింగు ఎట్ల చుడతరో నేర్చుకుంట అన్న రైతు నా సర్వీసుల ఇద్దరో ముగ్గురో. మిగతా వాళ్ళకు మోటరు తిరిగితే సాలు, అది వాళ్ళ హక్కు. ఎవరు నేర్చుకోవాలనుకుంటున్నరో కండ్లు చెప్తయి. స్క్రీన్ వైపు మెడ సాపేటోడు ఒకడుంటడు, గోడ మీద క్యాలెండర్ చూసేటోడు ఒకడుంటడు. మెడ సాపినోనికి కుర్చీ జరుపు.

అదే ప్రశ్న రోజుకు నలభై మంది అడుగుతున్నరని నువ్వు మొత్తుకుంటవు. అవును, అడుగుతరు. నలభై మంది అదే అడిగితే తప్పు వాళ్ళదా, నీ గోడదా? నీ గోడ మీద ఏమున్నది? సినిమా హీరో క్యాలెండరు, 'అప్పు రేపు' స్టిక్కరు. ఒక చార్టు కొని, లావు స్కెచ్చుతో తెలుగుల రాయి. ఏ పనికి ఏ కాయితం తేవాలె, ఆధార్‌కు కలిసిన ఫోను ఎంటనే ఉండాలె, ఫోన్‌ల బ్యాలెన్స్ ఉండాలె. 'ఓటీపీ' అని రాసి వదిలెయ్యకు, 'ఫోనుకు వచ్చే ఆరు అంకెలు' అని రాయి. ఇంకోటి రాయి: పైసలు మనకు రావాలంటే పిన్ను కొట్టే పనే లేదు, కొట్టుమన్నడంటే వాడు దొంగ. ఈ ఒక్క వాక్యం గడపల నిలబడ్డా కనబడేంత పెద్దగ ఉండాలె.

పిన్ను అంటే గుర్తొచ్చింది. మనోళ్ళు నీ సెంటర్‌ల నిలబడి "నాలుగు, తొమ్మిది, సున్న, రెండు కొట్టు బిడ్డా" అని బజార్ల ఇనబడేటట్టు చెప్తరు. నువ్వు కొట్టేస్తున్నవు. కొట్టకు. ఫోను ఆయనకే ఇచ్చి మొఖం అటు తిప్పుకో. నీ నిజాయితీ నాకు తెలుసు, ఊరికి తెలుసు. కాని నీ ముందర అలవాటైన నోరు రేపు ఫోన్‌ల మాట్లాడే దొంగ ముందర గూడ అట్లనే తెరుసుకుంటది. నువ్వు మొఖం తిప్పుకొనుడు చూసినంకనే ఆయనకు అది దాసుకునే వస్తువని తెలుస్తది.

తెల్వకపోతే తెల్వదను. మొన్న జగ్గయ్యపేట వైపు నుంచి వచ్చిన ఆయనకు నువ్వు "రెండు రోజులాగి రండి" అన్నవు. ఆయన ఊరు ఆంధ్రల ఉన్నది, ఆయన అడిగిన సర్టిఫికెట్టు మన మీసేవల రాదు, వాళ్ళ సచివాలయంల ఇస్తరు. ఆ మాట అప్పుడే చెప్తే ఒక బస్సు చార్జీ మిగిలేది. నీకు ఖాయంగ తెల్వక అట్లన్నవని నాకు అర్థమైంది. మెకానిక్‌గ ఈ జబ్బు నాకూ ఉండేది, తెల్వదంటే గిరాకి పోతదని భయం. నిజానికి "ఇది నాతోని కాదు, ఫలానా చోటికి పో" అని నేను పంపిన మనిషి ఎవడూ నన్ను మర్చిపోలేదు.

దూరం నుంచి చెప్పేటోళ్ళ కష్టం ఇంకో రకం. మా వెనుక ఇంటి సారు కొడుకు డాలస్‌ల సాఫ్ట్‌వేర్. ప్రపంచంల ఎవరి కంప్యూటరు చెడినా బాగుచేస్తడట. తండ్రి ఫోన్‌ల అక్షరాలు చిన్నగయినయని వీడియో కాల్ చేస్తే, "నాన్నా, స్క్రీన్ మీద ఏముందో చూపించు" అన్నడు. ఏ ఫోన్‌తో మాట్లాడుతున్నడో ఆ ఫోనునే చూపించాలె! సారు పోయి అద్దం ముందర నిలబడ్డడు. అక్షరాలన్నీ తిరగబడి కనబడుతున్నయి. ఇటు తండ్రి, అటు కొడుకు, రాత్రి పదకొండింటికి కేకలు. మరునాడు సారు నీ దగ్గరికి వచ్చిండు కదా, సెట్టింగుల పోయి అర నిమిషంల చేసిచ్చినవు. ఆయన ఇంటికొచ్చి ఏమన్నడో తెలుసా? "మావోడు దొడ్డోడే గాని, కోదాడ పిలగాడు నన్ను కసరలేదు" అన్నడు. అంటే నీకు కసరకుండ ఉండుడు వస్తది. సారుకు వచ్చింది, పెద్దమ్మకు రాలేదు. ఎందుకో నువ్వే ఆలోచించుకో. తెల్లచొక్కాకు ఒక నోరు, మాసిన చీరెకు ఒక నోరు ఉన్నదేమో చూసుకో. కోపగించుకోకు, నేను ఫ్యూజు వైరు మాట అన్న మనిషిది గూడ మాసిన ధోతే.

ఇంకో తీరు మనిషి సంగతి గూడ చెప్త. మన మునగాలల దివాన్‌గిరి చేసిన కొమర్రాజు లక్ష్మణరావు గారి సంగతి విన్నవా? పుట్టింది పెనుగంచిప్రోలు, మనకు కూతవేటు. 1877ల పుట్టి 1923ల పోయిండు, యాభై గూడ నిండలేదు. మునగాల రాజా నాయని వెంకటరంగారావు గారు తోడుంటే 1901ల హైదరాబాద్‌ల కృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పెట్టిన్రు, 1906ల విజ్ఞాన చంద్రికా మండలి. ఇంగ్లీషుల ఉన్న సైన్సు, చరిత్ర తెలుగు చదివేటోనికి అందాలని పుస్తకాలేసిన్రు. తర్వాత ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం, మూడు సంపుటాలు తెచ్చిండు. అంత చదువుకున్నాయనకు, ఇంగ్లీషు రానోళ్ళతో నాకేం పనిలే అనుకొనుడు ఎంత సులువు! ఆయన అక్క బండారు అచ్చమాంబకు బడి లేదు, తమ్ముని పక్కన కూసునే చదువు పట్టుకున్నదంటరు. తర్వాత ఆమె రాసిన కథనే తెలుగుల మొదటి కథ అని ఇప్పుడు చాలామంది లెక్కేస్తున్నరు. పక్కన కూసోనిచ్చినందుకు! ఇదంత నేను నీ సెంటర్‌లనే తెలుగు వికీపీడియల చదివిన, నువ్వు లైను చూసుకుంటున్నప్పుడు. ఆ వికీపీడియ 2003 డిసెంబరు 10న మొదలయిందట, జీతం లేని మనుషులు రాస్తరట. కొత్తగ చేరినోనికి ముందు స్వాగతం చెప్తరు, వాడు 'సహాయం కావాలి' అని రాసుకుంటే ఎవరో ఒకరు వచ్చి చెప్పిపోతరు. ఇంగ్లీషు దాంట్ల అయితే కొత్తోళ్ళను కరవొద్దని నియమమే రాసుకున్నరట. రాసుకునే దాక వచ్చిందంటే అక్కడ ఎంతమంది కరిచిన్రో!

నీ అలసట నాకు తెల్వదనుకోకు. పొద్దుగాల తొమ్మిదికి కూసుంటే రాత్రి ఎనిమిది. జూన్ వస్తే డిగ్రీ సీట్లకు దోస్త్ అప్లికేషన్లు, పిల్లల వెనుక తల్లిదండ్రులు, కాలేజీ కోడ్ తప్పు కొట్టినవని కొట్లాటలు. మనిషి ఎంతని ఓర్చుకుంటడు? అందుకే మధ్యాన్నం అరగంట షట్టర్ సగం దించు. అన్నం తిను, వెనుక గదిల నడుము వాల్చు. నేను గూడ నా షాపుల రెండు నుంచి రెండున్నర దాక స్పానర్ ముట్టకపోయేది. తిట్లు వచ్చేది ఆకలి మీదనే ఎక్కువ, గమనించు. సర్వర్ పోయినప్పుడు లైనుల ఉన్నోళ్ళ దిక్కు తిరిగి "మిషను పోయింది, మీ తప్పు కాదు, నా తప్పు కాదు, చాయ్ తాగి రాండ్రి" అను. ఆ ఒక్క మాటకు సగం మంది మొఖాలు తేటపడతయి. ఎవరన్న నోరు పారేసుకుంటే నువ్వు పడాల్సిన పని లేదు, "నాతోని కాదు పెద్దమనిషీ" అని కాయితాలు చేతిలపెట్టు. ఓపిక అంటే మాట పడుడు కాదు.

పనికి కూలి తీసుకో, సిగ్గుపడకు. ఒట్టి ప్రశ్నకు మాత్రం తీసుకోకు. గడపల నిలబడి "ఇది ఇక్కడయితదా బిడ్డా" అని అడిగినోనికి పది రూపాయలు అనకు. నేను ముప్పై ఏడేండ్లు మోటరు చప్పుడు ఉత్తగనే ఇన్న.

ఇంతకూ ఆ పెద్దమ్మ. నీ మీద కోపంతో నేను లేచి ఆమె ఎనకనే బస్టాండు దాక పోయిన. మునగాల బస్సుల కూసున్నది. బస్సెక్కి, చేతులు చూపియ్యమన్న. తెల్వనోన్నని మొదాలు ముడుచుకున్నది, నీ పేరు చెప్పి మేనమామనంటే చాపింది. ఎడమచేతి ఉంగరం వేలు మీద గీతలు మంచిగ ఉన్నయి, నా కండ్లజోడు లేకుండనే కనబడ్డయి. ఎడమచెయ్యి కదా, నారు ఆ చేత్తో పట్టుకుంటరు, పని తక్కువ. సోమవారం పొద్దుగాల మొదటి బస్సుకు రమ్మన్న. కొంచెం సేపు గునిసి, వస్తనన్నది. చేతులకు కొబ్బరినూనె రాసుకొని, పొద్దున మంచిగ కడుక్కొని, తడి ఆరినంక రమ్మని చెప్పిన. లైను పడకముందే పిలువు. ముందు ఆ వేలే పెట్టించు, అది గూడ పడకపోతే నడిమి వేలు చూడు.

మీ మామ